గాయపరచు చేయి యెవరిది?

మంత్రగత్తెల కథలు వినని బాలురు లేరు. దేశమేదైనను, భాషయేదైనను, రాత్రి భోజనమైన పిదప పిల్లలు పెద్దల చుట్టును జేరి భయపడుచునే వినగోరు కథలలో ఇవి మొదటివి. తెలుగువారు చేతబడి యనియు, బాణామతి యనియు, చిల్లంగి యనియు ప్రాంతమునకొక పేరున చెప్పుకొను భయమే ఇతర దేశములవారికిని వేరువేరు పేర్లతో కలదు. పూర్వము అవ్వల నోట వినిన ఈ కథలను నేటి బాలురు టెలివిజన్ తెరపై చూచుచున్నారు. కథను చూచి భయపడుటలో గాని, ఆనందించుటలో గాని తప్పు లేదు. అయితే కథలో జరిగినదేదో, లోకమున జరిగినదేదో వేరుపరచి చూడగల వివేకము విద్యార్థికి అవసరము. అట్టి వివేకమునకు తోడ్పడునను తలంపుతో ఒక టెలివిజన్ కథను, దాని వెనుకనున్న వాస్తవ చరిత్రను ఈ వ్యాసమున వివరింపబూనితిమి.

అమెరికా దేశమున 1993వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన 'ఎక్స్ ఫైల్స్' అను ధారావాహిక ప్రారంభమైనది. దాని సృష్టికర్త క్రిస్ కార్టర్. అది 2002 వరకు నడచినది. మరల 2016లోను, 2018లోను మరికొన్ని భాగములు వెలువడినవి. ఎఫ్.బి.ఐ. అనునది ఆ దేశపు కేంద్ర నేరపరిశోధన సంస్థ. కారణము తేలక మూలబడిన వింత కేసులను పరిశోధించుటకు ఆ సంస్థలో ఇద్దరు నియమితులైనట్లు ఈ ధారావాహికలో కల్పన. వారిలో మల్డర్ అనువాడు అద్భుతములను నమ్ముటకు ఎల్లప్పుడు సిద్ధముగా నుండును. స్కల్లీ అను యువతి వైద్యవిద్య నభ్యసించినది; ప్రతి వింతకును ప్రకృతిలోనే కారణము వెదకును. ఈ యిద్దరి వాదప్రతివాదములే ఆ ధారావాహికకు జీవము.

ఇందు 1995 జనవరి 27వ తేదీన ప్రసారమైన భాగము మనకు ప్రస్తుతము. దాని పేరు జర్మను భాషలోనిది: 'డీ హాండ్ డీ ఫెర్లెట్స్ట్'. 'గాయపరచు చేయి' అని దానికర్థము. గ్లెన్ మోర్గన్, జేమ్స్ వాంగ్ అనువారు రచింపగా కిమ్ మానర్స్ దర్శకత్వము వహించెను. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములో మిల్‌ఫర్డ్ హేవెన్ అను ఒక చిన్న పట్టణము కథాస్థలము. అచ్చటి ఉన్నత పాఠశాలలో తలిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘమునకు చెందిన నలుగురు సభ్యులు సమావేశమై, విద్యార్థులు ప్రదర్శింపదగిన నాటకమేదియని చర్చించుచుండగా కథ మొదలగును. చూచుటకు వారందరు మర్యాదస్థులు. చర్చ ముగిసిన పిమ్మట తలుపులు మూసి ప్రార్థనకు పూనుకొందురు. ఆ ప్రార్థన దైవమునకు కాదు, చీకటి శక్తులకు!

ఆ పట్టణపు బాలబాలికలు కొందరు గ్రంథాలయమునుండి మంత్రతంత్రముల పుస్తకమొకటి తెచ్చి, వినోదార్థము రాత్రివేళ అడవిలో చదువుదురు. వారిలో ఒక బాలుడు మరణించును. పరిశోధనకు మల్డర్, స్కల్లీలు వచ్చినంతనే ఆకాశమునుండి కప్పలు రాలును. పాఠశాలలోని కుళాయి తొట్టెలో నీరు విపరీత దిశలో సుడి తిరుగును. పాడక్ అను తాత్కాలిక ఉపాధ్యాయిని కానవచ్చును గాని, ఆమెను నియమించినదెవరో ఎవ్వరును చెప్పలేరు. ఒక విద్యార్థిని తరగతిలో హఠాత్తుగా దుఃఖించి, చిన్ననాడు తన యింటివారే తనపై ఘోరమైన పూజలు జరిపిరని చెప్పును. కొలది కాలమునకే ఆమెయు మరణించును. తుదకు ఆ సంఘసభ్యులందరు నశింతురు. ఉపాధ్యాయిని మాయమగును. నల్లబల్లపై ఆమె వ్రాసిన వీడ్కోలు మాట మాత్రము మిగులును.

కథనడుమ స్కల్లీ చేయు వాదమొకటి గమనింపదగినది. చీకటిపూజలు సలుపు రహస్యసంఘములు దేశమంతట హత్యలు చేయుచున్నవను వదంతిని ఎఫ్.బి.ఐ. పరిశోధించియు తగిన సాక్ష్యము కనుగొనలేదని ఆమె గుర్తుచేయును. అంతమంది నిజముగా చంపబడియుండినచో, అంతమంది హంతకులలో ఒక్కడైనను పట్టుబడకుండుట ఎట్లు సాధ్యమని ఆమె ప్రశ్న. ప్రశ్న సమంజసమైనదే. అయినను కథలో ఆమె వాదము ఓడిపోవును. ఏలయన, కథలో మంత్రగత్తె యున్నదని రచయితలు ముందే నిశ్చయించిరి. రచయిత యున్నదన్నచో కథలో ఉండితీరును.

లోకమున అట్టి రచయిత లేడు. లోకమున మొదట ఒక దుఃఖము సంభవించును: బిడ్డకు జబ్బు చేయును, పశువు చచ్చును, పైరు చెడును. పిమ్మట ఎవరిపైననో నింద పుట్టును. ఆ పిమ్మట నిందకు సాక్ష్యము వెదకబడును. ఆ సాక్ష్యమును గ్రహించిన తీరునుబట్టియే మనుష్యుల ప్రాణములు నిలుచుటయో పోవుటయో జరుగును. దయ్యములున్నవా లేవా యని వాదించువారు ఎంత కాలమైనను వాదింపవచ్చును. 'ఈ మాట నీకెట్లు తెలిసినది? నిన్ను ఎవరేమని అడిగినందున నీవీ మాట చెప్పితివి?' అను ప్రశ్నలు మాత్రము వెంటనే వేయదగినవి, వేసినచో సమాధానము దొరకునట్టివి. మేము చెప్పదలచినదంతయు ఇదియే.

మొదట ఒక చిన్న విషయముతో ప్రారంభింతము. కుళాయి నీరు విపరీత దిశలో తిరుగుట భూభ్రమణ నియమమునకు విరుద్ధమని మల్డర్ ఆశ్చర్యపడును. భూమి తన చుట్టును తాను తిరుగుటచే, కదలుచున్న గాలియు నీరును ఉత్తరార్ధగోళమున కుడివైపునకు ఒరుగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. 19వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుని పేర దీనిని కొరియోలిస్ ప్రభావమందురు. బంగాళాఖాతపు తుపానులు గడియారపు ముల్లునకు ఎదురుగా సుడి తిరుగుటకు ఇదియే కారణము. కాని తుపాను వందల మైళ్ల వెడల్పు గలది. రోజుల తరబడి తిరుగునది. గడియలో ఖాళీ యగు తొట్టెలో ఈ ప్రభావము అత్యల్పము. అచ్చట నీటి సుడిని నిర్ణయించునవి తొట్టె ఆకారము, నీరు పోసిన తీరు, చేతి తాకిడి మొదలగునవి. కనుక కుళాయి నీరు ఎటు తిరిగినను దానిలో వింత యేమియు లేదు.

అయినచో తొట్టెలోని నీటిపై భూభ్రమణ ప్రభావము కనబడనే కనబడదా? 1962లో మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని ఆచార్యుడు ఆషర్ షాపిరో ఈ ప్రశ్నకు ప్రయోగము ద్వారా సమాధానము చెప్పెను. ఆరడుగుల వ్యాసము గల గుండ్రని తొట్టెలో ఆరంగుళముల లోతు నీరు పోసి, గాలి తగులకుండ పైన కప్పి, 24 గంటలు కదలిక లేకుండ నిలువయుంచెను. నీరు పోయునప్పుడు కలిగిన చలనమంతయు అణగిన పిమ్మట, మధ్యనున్న సన్నని రంధ్రమును మెల్లగా తెరచెను. చాలసేపటివరకు ఏమియు కనబడలేదు. తుదకు నీటిపై తేలు చిన్న పుడక మెల్లమెల్లగా గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగసాగెను. ఇట్టిది పరిశోధన యనదగినది. ఒక కారణమును గుర్తించుటకు ముందు ఇతర కారణములన్నిటిని తొలగింపవలెను. తొలగించుటకు ఓపిక పట్టవలెను. నీటి విషయముననే ఇంత జాగ్రత్త కావలసియుండగా, మనుష్యుని ప్రాణము విషయమున ఎంత కావలెను?

ఆ మాసచూసెట్స్ ప్రాంతముననే, ఆ ప్రయోగమునకు 270 సంవత్సరములకు ముందు, అట్టి జాగ్రత్త ఏమాత్రమును లేని విచారణ ఒకటి జరిగినది. 'ఎక్స్ ఫైల్స్' కథ న్యూ ఇంగ్లండు ప్రాంతపు చిన్న పట్టణమున నడచుటకు కారణము ఆ చరిత్రయే. అది ఇంగ్లండు రాజుకు లోబడిన వలసరాజ్యముగా నుండిన కాలము. 1692 జనవరిలో సేలం గ్రామమున మతాచార్యుడైన సామ్యూల్ పారిస్ ఇంట తొమ్మిదేండ్ల కుమార్తె బెట్టీకి, పదునొకండేండ్ల మేనకోడలు అబిగేల్‌కు వింత జబ్బు పట్టుకొనినది. మెలికలు తిరుగుట, కేకలు వేయుట, తమ్మెవరో గిల్లుచున్నారనుట వారి లక్షణములు. వైద్యుడు పరీక్షించి, దీని వెనుక ఒక దుష్టహస్తమున్నదని చెప్పెను. టెలివిజన్ కథ పేరులోని చేయియు, ఆ వైద్యుడు చెప్పిన చేయియు ఎంత దగ్గరగా నున్నవో చూడుడు! జబ్బునకు పేరు తెలియదని చెప్పుటకు మారుగా, కనబడని చేయి యొకటి కలదని చెప్పినంతనే, ఆ చేయి ఎవరిదను ప్రశ్న ఊరంతట ప్రాకెను.

ఊరు సుఖముగా నున్న ఊరు కాదు. ఉత్తర సరిహద్దున ఫ్రెంచివారితోను, వారితో చేరిన ఆదివాసి తెగలతోను యుద్ధము జరుగుచుండెను. గ్రామములో భూముల తగవులు, మతాచార్యుని జీతమును గూర్చిన తగవులు చిరకాలముగా నుండెను. మొదట నిందింపబడిన ముగ్గురెవరో గమనింపుడు. ఒకతె పారిస్ ఇంట దాస్యము చేయు టిటూబా. రెండవది యిల్లిల్లు తిరిగి యాచించు సారా గుడ్. మూడవది చాలకాలముగా దేవాలయమునకు రాని, జబ్బుతో మంచమెక్కిన సారా ఆస్‌బర్న్. ముగ్గురికిని ఊరిలో అండ లేదు. నింద ఎప్పుడును మొదట అండ లేనివారి గుమ్మముననే అడుగుపెట్టును.

1692 మార్చి 1వ తేదీన మెజిస్ట్రేటులు జాన్ హేథార్న్, జోనథన్ కార్విన్ వీరిని ప్రశ్నించిరి. ప్రశ్నలు నేటికిని దస్తావేజులలో నిలిచియున్నవి. 'నీవు వీరిని బాధించితివా?' యని కూడ కాదు, 'ఏల బాధించుచున్నావు? నీకు స్నేహమైన భూతమేది?' యను ధోరణిలో ఆ ప్రశ్నలు సాగినవి. నేరము ముందే నిశ్చయమైనది. నిందితురాలు కాదనినచో బొంకుచున్నదనిరి. అవుననినచో సరిపోయినదనిరి. ఇతరులు కాదనిరి, టిటూబా మాత్రము అవుననెను. తనతోపాటు మరికొందరు కూడ కలరని చెప్పెను. ఇక ఆ 'మరికొందరు' ఎవరని వెదకుట మొదలైనది.

సారా గుడ్ కుమార్తె డొరతీ నాలుగైదేండ్ల పసిది. ఆమెను కూడ పట్టి ప్రశ్నించిరి. తన తల్లి తనకొక చిన్న పామును ఇచ్చినదనియు, అది తన వ్రేలిని చీకుననియు ఆ బిడ్డ చెప్పెను. వ్రేలిపై దోమకాటు వంటి చుక్క యొకటి కనబడగా అది సాక్ష్యమైపోయెను. ఆ పసిదానిని సంకెలలతో నెలల తరబడి చెరలో నుంచిరి. తల్లిని జూలై 19న ఉరితీసిరి. ఆ బిడ్డ విడుదలైనను మరల సరియైన మనిషి కాలేదని అనంతరకాలమున ఆమె తండ్రి ప్రభుత్వమునకు విన్నవించుకొనెను.

గవర్నరు విలియం ఫిప్స్ మే నెలలో ఒక ప్రత్యేక న్యాయస్థానమును నియమించెను. ప్రధాన న్యాయాధిపతి విలియం స్టౌటన్. ఈ న్యాయస్థానము అంగీకరించిన సాక్ష్యములలో విచిత్రమైనది ఛాయాసాక్ష్యము. నిందితురాలు తన యింట నిద్రించుచుండినను, ఆమె ఛాయ వచ్చి తన్ను పీడించినదని బాధితురాలు చెప్పినచో అది సాక్ష్యముగా చెల్లెను. దీనిలోని ప్రమాదమును చూడుడు. ఆ రాత్రి నేను వేరొకచోట నుంటినని నలుగురిచేత చెప్పించుకొనిన దొంగకు కూడ విడుదల కలదు. ఇచ్చట శరీరము వేరొకచోట నుండినను ప్రయోజనము లేదు. ఆ ఛాయను చూచినది బాధితురాలొక్కతెయే. కాదని చెప్పుటకు మార్గమే లేని సాక్ష్యమది.

స్పర్శపరీక్ష మరియొకటి. మూర్ఛలోనున్న బాలికను నిందితురాలు తాకవలెను. తాకగానే మూర్ఛ తగ్గినచో విషము తిరిగి చేతిలోనికి పోయినదని అర్థము చెప్పిరి. ఎవరు తాకుచున్నారో ఎరుగక బాలిక మూర్ఛనుండి లేచునా యని పరీక్షింపవలెనను తలంపు ఆ న్యాయాధిపతులకు కలుగలేదు. షాపిరో తన తొట్టెపై కప్పు వేసినది ఇట్టి సందేహము రాకుండుటకే కదా!

నిందితులకు అనుకూలమైన సాక్ష్యము దొరకినను అది నిలువలేదు. 71 ఏండ్ల రెబెకా నర్స్ ఊరిలో గౌరవము పొందిన గృహిణి. జ్యూరీ ఆమెను నిర్దోషి యనినది. కోర్టులో కేకలు లేచినవి. న్యాయాధిపతి ఆమె పలికిన ఒక మాటను మరల ఆలోచింపుమనెను. ఆ మాటకర్థమేమని జ్యూరీవారు అడుగగా ఆమె బదులు చెప్పలేదు. మౌనమును అంగీకారముగా నెంచి తీర్పు మార్చిరి. తనకు సరిగా వినబడదనియు, దుఃఖములో ప్రశ్న వినలేదనియు ఆమె పిమ్మట చెప్పుకొనెను. జూలై 19న ఆమెను ఉరితీసిరి. జార్జి బరోస్ అను మతాచార్యుని ఆగస్టు 19న ఉరికొయ్యకడకు తెచ్చిరి. మంత్రగాడు క్రైస్తవుల ప్రభుప్రార్థనను తప్పు లేక చెప్పజాలడని ఆనాటి నమ్మకము. బరోస్ అక్షరము తప్పక చెప్పెను. జనులు కదలిపోయిరి. అయినను ఉరి ఆగలేదు. పరీక్షలో నెగ్గినను ఓడినను ఫలము ఒక్కటియే యైనప్పుడు అది పరీక్ష యెట్లగును?

సెప్టెంబరు చివరనాటికి 14 మంది స్త్రీలు, ఐదుగురు పురుషులు, మొత్తము 19 మంది ఉరితీయబడిరి. విచారణకు సమ్మతింపని గైల్స్ కోరీ అను వృద్ధుని రొమ్ముపై రాళ్లు పేర్చి చంపిరి. ఐదుగురికి తక్కువ కాకుండ చెరలో మరణించిరి. నిందింపబడినవారు 150కి పైబడిరి. నేరము ఒప్పుకొనినవారిలో ఎవ్వరిని ఉరితీయలేదు. కాదనినవారు మాత్రము కొయ్యనెక్కిరి. అబద్ధమాడినవారు బ్రతికి, నిజము చెప్పినవారు చచ్చునట్టి యేర్పాటులో ఒప్పుకోలు పెరుగుటలో ఆశ్చర్యమేమున్నది? ప్రతి యొప్పుకోలును నిందకు కొత్త బలమిచ్చెను.

ఈ ఉన్మాదము ఎట్లాగినది? మంత్రగత్తెలు లేరని ఎవరో నిరూపించుటచే కాదు. సాక్ష్యపు నియమము మారుటచే ఆగినది. బాస్టన్ మతాచార్యుడు ఇంక్రీజ్ మేథర్ అక్టోబరులో ఛాయాసాక్ష్యమును ఖండించెను. మంత్రగత్తెలు కలరని ఆయనయు నమ్మినవాడే. అయినను ఛాయను నమ్మి నిర్దోషిని చంపుట కంటె దోషులు తప్పించుకొనుటయే మేలని ఆయన వాదించెను. ఆ నెలాఖరున గవర్నరు ఆ న్యాయస్థానమును రద్దుచేసెను. 1693 జనవరిలో కొత్త న్యాయస్థానము ఛాయాసాక్ష్యము చెల్లదను నియమముతో కూర్చుండెను. అంతకు ముందు విచారణకు వచ్చిన ప్రతివారికిని శిక్షపడిన ఆ సీమలోనే ఇప్పుడు ముగ్గురు తప్ప అందరు విడుదలైరి. ఆ ముగ్గురికిని గవర్నరు మరణశిక్ష నిలిపివేసెను. మనుష్యులు వారే, నమ్మకములు అవియే, ఊరు అదియే. మారినది ఒక నియమము మాత్రమే. 1697 జనవరి 14న న్యాయాధిపతులలో ఒకడైన సామ్యూల్ స్యూఅల్, బాస్టన్ దేవాలయమున అందరి యెదుట నిలువబడి, తన తప్పిదమును అంగీకరించు పత్రమును చదివించుకొనెను. పదవిలోనున్న న్యాయాధిపతి అట్లు చేయుట సామాన్యమైన ధైర్యము కాదు.

ఇది మూడువందల యేండ్లనాటి అజ్ఞానమని తోసివేయువారు కలరు. వారికొరకు ఇటీవలి చరిత్ర చెప్పుదుము. కాలిఫోర్నియా రాష్ట్రమున మాన్‌హాటన్ బీచ్ అను పట్టణములో 1983లో ఒక శిశుపాఠశాలవారిపై ఒక తల్లి ఫిర్యాదు చేసెను. పోలీసులు దాదాపు 200 మంది తలిదండ్రులకు ఉత్తరములు వ్రాసి, అనుమానితుని పేరు చెప్పి, ఇట్టివి జరిగినవేమో మీ పిల్లల నడుగుడని కోరిరి. పిమ్మట వందలాది పిల్లలను ప్రశ్నించిరి. మీ స్నేహితులందరు ఇదివరకే చెప్పిరనిరి. చెప్పినవారిని మెచ్చుకొనిరి, ఏమియు జరుగలేదనినవారిని మరల మరల అడిగిరి. క్రమముగా పిల్లలు రహస్య సొరంగములను గూర్చియు, గాలిలో ఎగురు మంత్రగత్తెలను గూర్చియు చెప్పసాగిరి. ఏడుగురిపై నేరారోపణ జరిగినది. 1987లో ప్రారంభమైన విచారణ 1990 వరకు సాగి, ఆ దేశచరిత్రలో అంతవరకు అతిదీర్ఘమైన క్రిమినల్ విచారణగా పేరొందెను. తుదకు ఏ ఒక్కరిపైనను నేరము స్థాపితము కాలేదు. ఈలోపల ఒకరు ఐదేండ్లు చెరలో గడపిరి. అట్టి నిందలు ఆనాడు దేశమందంతట ప్రాకినవి. 1992లో ఎఫ్.బి.ఐ. అధికారి కెనెత్ లానింగ్ వీటిని పరిశీలించి, రహస్యసంఘముల నరబలులకు ఆధారము లేదని నివేదిక వ్రాసెను. టెలివిజన్ కథలో స్కల్లీ చేసిన వాదమునకు పునాది ఇట్టి పరిశోధనయే. 1995 నాటి ప్రేక్షకులకు ఆ కథ కేవల కల్పనగా తోచకపోవుటకు కారణమును ఇదియే.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పిల్లల మాట నమ్మరాదని మేము చెప్పుటలేదు. పిల్లలకు హాని చేయువారు లోకమున కలరు; బిడ్డ తనకు జరిగిన కీడును చెప్పినప్పుడు పెద్దలు శ్రద్ధతో వినితీరవలెను. పిల్లలు స్వయముగా జ్ఞాపకము చేసికొని చెప్పు మాట చాలవరకు విశ్వసనీయము. ఆ మాటను చెడగొట్టునది పెద్దల ప్రశ్నయే. 'ఏమి జరిగినది?' అను ప్రశ్నకు బిడ్డ తన సమాధానము చెప్పును. 'ఆయన నిన్ను కొట్టినాడు కదా?' అను ప్రశ్నకు మన సమాధానము చెప్పును. ప్రశ్న చెడినచో నిర్దోషికి శిక్ష పడును. నిజముగా బాధపడిన బిడ్డ మాటకు కూడ విలువ పోవును. ఈ రెండును నష్టములే.

ఈ రెండవ విధమైన ప్రశ్నను మన న్యాయశాస్త్రము సూచకప్రశ్న అని పిలుచుచున్నది. అడుగువాడు కోరు సమాధానమును ప్రశ్నయే సూచించుట దాని లక్షణము. 1872 నాటి భారత సాక్ష్యచట్టము, ఎదుటిపక్షము అభ్యంతరము చెప్పినప్పుడు, కోర్టు అనుమతి లేక తన సాక్షిని తానే ఇట్టి ప్రశ్నలు అడుగరాదని నిర్ణయించెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము ఈ సూత్రమును నిలుపుకొనినది. సేలంలో హేథార్న్ వేసిన ప్రశ్నలను ఈ నియమముతో పోల్చి చూచినచో, చట్టములోని ఒక్క వాక్యము ఎన్ని ప్రాణములను కాపాడగలదో తెలియును.

మన దేశమున ఈ భయము తీరిపోలేదు. జాతీయ నేర నమోదు సంస్థవారి వార్షిక నివేదికలలో హత్యలకు కారణములను తెలుపు పట్టికయందు 'మంత్రవిద్య' అను శీర్షిక నేటికిని కలదు. తెలుగువారు తరతరములుగా నివసించు ఇరుగుపొరుగు రాష్ట్రములు ఇందుకై ప్రత్యేక శాసనములు చేసికొనినవి. మంత్రగత్తె యని ముద్రవేసి హింసించుటను నిషేధించు చట్టమును ఒడిశా 2013లో చేసినది. నరబలి, దుష్టమంత్రప్రయోగము మొదలగువానికి వ్యతిరేకముగా మహారాష్ట్రము అదే సంవత్సరమున చట్టము తెచ్చినది. దానికొరకు ఏండ్ల తరబడి పాటుపడిన నరేంద్ర దాభోల్కర్ 2013 ఆగస్టు 20న పూనాలో హత్యచేయబడెను. కర్ణాటకము 2017లో అట్టి చట్టమును చేసినది. సేలంలో చట్టము నిందవేసినవారి పక్షమున నిలిచినది. ఇచ్చట చట్టము నిందపడినవారి పక్షమున నిలుచుచున్నది. ఈ భేదము గొప్పది. కాని పోలీసువారు వచ్చులోపల, ఊరిలో నింద పుట్టిన మొదటి గంటలో, 'నీకెట్లు తెలిసినది?' అని అడుగవలసినది పొరుగువారే. ఆ పొరుగువారిలో చదువుకొనినవారు ఒక్కరైనను ఉండవలెను.

విద్యార్థులు ఇట్టి విషయములలో ఏమి చేయగలరని కొందరు సందేహింపవచ్చును. దానికి సమాధానము సేలం చరిత్రలోనే కలదు. 1693లో శిక్షపడిన ముగ్గురిలో ఎలిజబెత్ జాన్సన్ అను యువతి ఒకతె. ఆమెకప్పుడు 22 ఏండ్లు. ఉరి తప్పినది గాని దోషి యను పేరు తప్పలేదు. 1711లో ప్రభుత్వము పెక్కుమంది పేర్లను నిర్దోషుల పట్టికలో చేర్చి పరిహారమిచ్చెను. ఆమె పేరు విడిచిపోయెను. తన పేరు కూడ చేర్చుడని ఆమె స్వయముగా విన్నవించుకొనెను, ఫలింపలేదు. 77 ఏండ్ల వయస్సున, 1747లో, ఆమె మరణించెను. ఆమెకు సంతానము లేదు. ఆమె పక్షమున అడుగువారు లేకపోయిరి. 1957లోను, 2001లోను మిగిలినవారికొరకు తీర్మానములు జరిగినప్పుడు కూడ ఆమె పేరు రాలేదు.

నార్త్ ఆండోవర్ అను పట్టణములోని పాఠశాలలో ఎనిమిదవ తరగతి పౌరశాస్త్ర విద్యార్థులు తమ ఉపాధ్యాయినితో కలసి ఆమె కథను చదివిరి. పాత దస్తావేజులను వెదకిరి. ఆమె పేరు ఎచ్చట విడిచిపోయినదో కనుగొనిరి. శాసనసభ్యులకు ఉత్తరములు వ్రాసిరి. డయానా డిజోగ్లియో అను సెనేటరు వారి పక్షమున బిల్లు ప్రవేశపెట్టెను. 2022 జూలైలో మాసచూసెట్స్ ప్రభుత్వము ఎలిజబెత్ జాన్సన్ నిర్దోషి యని శాసనముచే ప్రకటించెను. ఆమెకు శిక్షపడి అప్పటికి 329 సంవత్సరములు. పిల్లల నోట ప్రారంభమైన నిందను, మూడువందల యేండ్లకు పైబడిన పిదప, పిల్లల చేతివ్రాతయే తుడిచివేసినది.

గాయపరచు చేయి యెవరిదని సేలం పెద్దలు ఊరంతట వెదకిరి. గాయము మాన్పిన చేతులు ఎనిమిదవ తరగతి విద్యార్థులవి. మన పాఠశాలలో చదువు బాలబాలికల చేతులలోను కలము కలదు. ఏ కథనైనను ఆనందముతో చూడుడు. ఏ నిందనైనను నమ్ముటకు ముందు ఒక్క ప్రశ్న యడుగుడు.